లంబసింగి చలికి టార్ప్, లైనర్ సరిపోతాయా? చేతిలో ఉన్నది 10 డిగ్రీల బ్యాగ్

తూరుపుగాలి:

డిసెంబరు మూడో వారంలో ఇద్దరం రెండు రాత్రుళ్లు ఆరుబయట పడుకునే ఆలోచనలో ఉన్నాం. ఒక రాత్రి లంబసింగి, తాజంగి వైపు. రెండోది పాడేరు దగ్గర వంజంగి కొండ కింద. రెండు చోట్లా ఊరివాళ్లు డబ్బు తీసుకుని చోటిచ్చే స్థలాల్లోనే ఉంటాం, రిజర్వు ఫారెస్టులోకి వెళ్లం.

ఉన్న సామాను ఇది. చెరో సింథటిక్ స్లీపింగ్ బ్యాగ్, ఒక్కోటి 1.3 కిలోలు, సంచి మీద "10 డిగ్రీలు" అని ఒక్క అంకె వేసి ఉంది. చెరో 6 మి.మీ. యోగా మ్యాట్. ఇద్దరు పట్టే డోమ్ టెంట్, 2.8 కిలోలు. ఆ టెంటు ఇంట్లో పెట్టేసి 3×3 మీటర్ల టార్ప్ (తాడు మీద కప్పులా కట్టుకునే పట్టా) కొందామని, చలికి లైనర్ (బ్యాగ్ లోపల వేసుకునే పల్చటి గుడ్డ సంచీ) వేసుకుందామని అనుకుంటున్నాం.

తెలియాల్సినవి నాలుగు. లైనర్ ప్యాకెట్ మీద "8 డిగ్రీల వెచ్చదనం అదనం" అని రాస్తున్నారు, నిజంగా ఎంత వస్తుంది? పట్టు, నూలు, ఫ్లీస్‌లో ఏది తీసుకోవాలి? ఆ పొగమంచులో టార్ప్ కింద పడుకుంటే బ్యాగ్ తడుస్తుందా? తాడు, మేకులు ఎన్ని కావాలి, ఎంత ఎత్తున కట్టాలి?

నెగడు:

ముందు ఆ 10 సంగతి తేల్చుకోండి. స్లీపింగ్ బ్యాగ్ ఎంత చలికి ఆగుతుందో తేల్చే ఐఎస్ఓ 23537 ప్రమాణం (పాత పేరు ఈఎన్ 13537) ప్రకారం పరీక్షించిన బ్యాగ్‌కి ఒక్క అంకె ఉండదు. కంఫర్ట్, లిమిట్ అని కనీసం రెండుంటాయి, పక్కన ఎక్స్‌ట్రీమ్ అని మూడోది. కంఫర్ట్ అంటే సగటు ఆడమనిషి ఒళ్లు వదులు చేసి హాయిగా నిద్రపోగలిగే చలి. లిమిట్ అంటే సగటు మగమనిషి మోకాళ్లు ముడుచుకుని, వణుకు రాకుండా రాత్రి గడపగలిగే చలి. ఎక్స్‌ట్రీమ్ అనేది ప్రాణం నిలిచే లెక్క, నిద్ర లెక్క కాదు, దాన్ని చూడనే చూడకండి. మొదటి రెంటికీ మధ్య మామూలుగా 4 నుంచి 6 డిగ్రీల తేడా ఉంటుంది. ఒకే అంకె వేశారంటే అది పరీక్ష చేయని బ్యాగ్ అయినా అయ్యుండాలి, లిమిట్ అంకెనే పెద్దగా అచ్చేసైనా ఉండాలి. మీ 10ని 14 అనుకుని లెక్క మొదలుపెట్టండి, దెబ్బ తినరు.

ఇంకో మెలిక. ఆ పరీక్షలో వేడెక్కించిన బొమ్మని ఉత్త నేల మీద పడుకోబెట్టరు. కింద మంచి మ్యాట్ వేసి, ఒంటికి పొడుగు చేతుల లోదుస్తులు, కాళ్లకి మేజోళ్లు తొడిగి పడుకోబెడతారు. అవన్నీ మీ దగ్గర లేకపోతే అంకె ఇంకాస్త పైకి జరుగుతుంది.

అటు లంబసింగి అంకె చూడండి. పేపర్లో "5 డిగ్రీలు" అని వచ్చేది నేలకి దాదాపు మీటరున్నర పైన, నీడపెట్టెలో ఉన్న థర్మామీటరు చెప్పే మాట. మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి గడ్డి మట్టంలో దానికంటే 3, 4 డిగ్రీలు తక్కువే ఉంటుంది. పేపర్లో 3 అని వేసిన రోజున గడ్డి మీద తెల్లగా మంచు పేరుకోవడం అందుకే. మీరు పడుకునేది గడ్డి మట్టంలో. కాబట్టి 14 అనుకున్న బ్యాగ్‌ని 1, 2 డిగ్రీల్లో వాడబోతున్నారు. లైనర్ ఒక్కటీ పూడ్చగలిగే గొయ్యి కాదిది.

లైనర్ల విషయం. పల్చటి పట్టు లైనర్ 120 నుంచి 150 గ్రాములు, నిజంగా ఇచ్చేది 2 డిగ్రీలు, మహా అయితే 3. నూలుది 250 నుంచి 450 గ్రాములు, వెచ్చదనం అంతే, పైగా చెమ్మ పట్టిందంటే ఆరదు. సాగే పాలిస్టర్ అల్లికవి 250 నుంచి 400 గ్రాములు, 3 నుంచి 5 డిగ్రీలు. ఫ్లీస్ 500 గ్రాములు దాటుతుంది, 4 నుంచి 6. ప్యాకెట్ మీద 8, 14 అని రాసినవి కనిపిస్తాయి. అవి ఏ బ్యాగ్‌తో, ఏ మ్యాట్ మీద కొలిచారో ఆ ప్యాకెట్ చెప్పదు, కాబట్టి సగానికి సగం కొట్టేసి చదువుకోండి.

ఫ్లీస్ లైనర్ కొనేముందు ఒక లెక్క వేసుకోండి. 180 జీఎస్ఎం (చదరపు మీటరుకి 180 గ్రాములు) ఫ్లీస్‌తో 2.1 మీటర్ల పొడుగు, 75 సెం.మీ. వెడల్పు సంచీకి రెండు పొరలు కలిపి 3.15 చదరపు మీటర్ల గుడ్డ పడుతుంది, అంటే దాదాపు 570 గ్రాములు. అదే 570 గ్రాములు బ్యాగ్ లోపల దూదిగా ఉంటే ఇంకా చాలా ఎక్కువ వెచ్చదనం వస్తుంది, ఎందుకంటే వేడిని ఆపేది గుడ్డ కాదు, గుడ్డ మధ్య చిక్కుకున్న గాలి. చలి కోసమే అయితే 2 డిగ్రీల కంఫర్ట్ ఉన్న బ్యాగ్ రెండ్రోజులకి అద్దెకు తెచ్చుకోవడం మేలు. అద్దె బ్యాగ్ తెచ్చుకున్న రోజే లైనర్ అసలు పనికొస్తుంది: ముందు పడుకున్నవాళ్ల చెమట, మురికి నేరుగా మీ ఒంటికి అంటకుండా చూస్తుంది. సొంత బ్యాగ్‌లోనైతే మీ ఒంటి జిడ్డు దూదికి పట్టకుండా చూస్తుంది. జిడ్డు పట్టిన దూది ఉండకట్టి పొంగదు, పొంగని దూదిలో గాలి నిలవదు. లైనర్ ఉంటే బ్యాగ్‌ని పదేపదే ఉతకక్కర్లేదు, లైనర్‌ని ఉతుక్కుంటే చాలు.

ఇక అందరూ మరిచిపోయేది, కింద వేసేది. ఒంటి బరువుకి బ్యాగ్ అడుగు దూది నొక్కుకుపోయి పనిచేయడం మానేస్తుంది. లైనర్ కూడా అక్కడ నొక్కుకుపోతుంది. నడుము, పిరుదుల కింద నేల వేడిని లాగేస్తుంటే పైన ఎన్ని పొరలు కప్పినా వణుకే. 6 మి.మీ. యోగా మ్యాట్ జారకుండా ఉండడానికి చేసింది, వేడి ఆపడానికి కాదు. దాని ఆర్ విలువ (మ్యాట్ వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) ఒకటి కూడా ఉండదు. 5 డిగ్రీల చుట్టుపక్కల పడుకోవాలంటే 2 నుంచి 3 కావాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే ఆర్ విలువలు కలుస్తాయి, అది మనకి కలిసొచ్చే సంగతి. గుడ్ల ట్రేలా గుంటలు గుంటలుగా మడత పడే ఫోమ్ మ్యాట్ ఒకటి (సుమారు 2) కొని, దాని కింద మీ యోగా మ్యాట్ వేస్తే పని జరిగిపోతుంది. గాలి ఊదే పల్చటి మ్యాట్‌లు, లోపల దూదో రేకో లేనివి, చూడ్డానికి మందంగా ఉన్నా ఒకటి దాటవు. లోపలి గాలి అటూ ఇటూ తిరిగి వేడిని నేలకి మోసుకుపోతుంది.

నా వరస: మొదట మ్యాట్, తర్వాత బ్యాగ్, ఆ తర్వాత పొడి మేజోళ్లు, మంకీ క్యాప్, అన్నీ అయ్యాక లైనర్. డబ్బు కూడా అదే వరసలో పెట్టండి.

పట్టాతాడు:

టార్ప్ వైపు నేను చెప్తాను.

పొలాల్లో వాడే టార్పాలిన్ పట్టా జోలికి పోకండి. 200 జీఎస్ఎం పట్టా 3×3 మీటర్లది 1.8 కిలోలు తూగుతుంది, తాళ్లు, మేకులు, మిగతా సామాను కలిపితే మీ టెంటుకీ దానికీ పెద్ద తేడా ఉండదు. మోయడానికి చేసినవి రెండు రకాలు. సిలికాన్ పూసిన నైలాన్, సిలికాన్ పూసిన పాలిస్టర్. 20 డెనియర్ (పోగు మందం కొలత) గుడ్డ అయితే 3×3 సైజు 400 నుంచి 500 గ్రాములు. నైలాన్ తడిస్తే సాగుతుంది. సాయంత్రం డప్పులా బిగించినది అర్ధరాత్రికి జోలెలా వేలాడుతుంది, లేచి మళ్లీ బిగించాలి. లంబసింగి చెమ్మకి అది ఖాయం. పాలిస్టర్ అంతగా సాగదు, అదే కొనండి.

మన దగ్గర చవగ్గా దొరికేవాటిలో చాలావరకు లోపలివైపు పీయూ (పాలీయురేథేన్) పూతవి. అవీ పనిచేస్తాయి, కాస్త బరువు, అంతే. వాటిని తడిగా మడిచి అటక మీద పడేస్తే పూత జిగురుగా మారి పొట్టులా లేస్తుంది. విశాఖ ఉక్కపోతలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. సిలికాన్ టార్ప్‌కి నడిమి కుట్టు ఉంటే దానికి టేపు అంటదు కాబట్టి మీరే పూత వెయ్యాలి: హార్డ్‌వేర్ షాపులో దొరికే క్లియర్ సిలికాన్ ఒక వంతు, టర్పెంటైన్ రెండు మూడు వంతులు కలిపి, పాలపొడి గడ్డ కట్టినట్టు కాకుండా పల్చటి తేనెలా వచ్చాక బ్రష్‌తో కుట్టు మీద రెండువైపులా పూసి ఒక రోజు ఆరనివ్వండి. పీయూ పూత మీద మాత్రం సిలికాన్ పట్టదు, ఎండిన జిగురులా ఊడొస్తుంది. దానికి పీయూ సీలరే వాడాలి.

ఎత్తు లెక్క. 3 మీటర్ల టార్ప్‌ని మధ్యలో తాడు మీద వేస్తే రెండు వాలులూ 150 సెం.మీ. చొప్పున వస్తాయి. నడిమి తాడు 110 సెం.మీ. ఎత్తున కట్టి, అంచులు నేలకి 10 సెం.మీ. పైన ఆపితే లోపలి వెడల్పు 2.2 మీటర్లు. ఇద్దరు పక్కపక్కన పడుకోవడానికి 1.3 మీటర్లు చాలు, రెండు పక్కలా 45 సెం.మీ. ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ ఊరికే ఉన్నది కాదు, అంచు మీద పడ్డ చినుకు ఎగిరి వచ్చేది అంతవరకే. గాలి లేస్తే తాడుని 90కి దించి అంచులు నేలకి తాకించండి, వెడల్పు 2.4 అవుతుంది, కూర్చుంటే తల తగులుతుంది కానీ గాలి పైనుంచి జారిపోతుంది. చెట్లు లేని చోట రెండు ట్రెక్కింగ్ కర్రలు, లేకపోతే ఊళ్లో అడిగి రెండు వెదురు గెడలు. కర్ర కట్టేటప్పుడు కొన మీద నుంచి తాడు తిప్పి ఎదురుగా మేకుకి లాగాలి. అది వదులైతే మొత్తం కూలుతుంది.

తాడు: నడిమికి 3 మి.మీ. తాడు 10 మీటర్లు, పక్కలకి 2 మి.మీ. తాడు 2 మీటర్ల ముక్కలు ఆరు. మొత్తం బరువు 100 గ్రాములు. కిరాణా కొట్లో బట్టలారేసే నైలాన్ తాడు వద్దు, నున్నగా ఉండి ముడి జారుతుంది, తడిస్తే సాగుతుంది. మేకులు ఎనిమిది: నాలుగు మూలలకి, రెండు పక్కల మధ్యలకి, నడిమి తాడు రెండు కొసలకి. అల్యూమినియం మేకులు 15 నుంచి 18 సెం.మీ.వి, ఒక్కోటి 12 నుంచి 15 గ్రాములు. మేకు తల టార్ప్‌కి అవతలి వైపు వాలేలా దిగగొట్టాలి. నిటారుగా కొడితే లాగుడుకి పైకి వచ్చేస్తుంది. డిసెంబరుకి ఎర్రనేల గట్టిపడి ఉంటుంది. మేకు వంగిపోతే తాడుని బండరాయికి చుట్టి సరిపెట్టండి, ఇంకోచోట ఇంకో మేకు వంచుకోవడం దేనికి.

ముడులు మూడు వస్తే చాలు. చెట్టుకి బోలైన్, అంటే లాగినా బిగుసుకోని ఉచ్చు వేసే ముడి. రెండో చెట్టు దగ్గర బిగించడానికి లారీవాళ్లు సరుకు కట్టేటప్పుడు వేసే మెలిక: తాడులో ఒక ఉచ్చు తీసి, కొసని చెట్టు చుట్టూ తిప్పి ఆ ఉచ్చులోంచి వెనక్కి లాగితే బిగువు రెట్టింపవుతుంది. పక్క తాళ్లకి జరిగే ముడి: కొసని మేకు చుట్టూ తిప్పి, బిగువు తాడు చుట్టూ లోపలివైపు రెండు చుట్లు, బయటివైపు ఒక చుట్టు. చేత్తో జరిపితే జరుగుతుంది, తాడు లాగితే పట్టుకుంటుంది. రాత్రి లేచి టార్చి నోట్లో పెట్టుకుని బిగించాల్సింది దాన్నే కాబట్టి ఇంటి దగ్గర కిటికీ ఊచకి ఇరవైసార్లు కట్టి చూడండి.

చిన్న సంగతే గానీ రాత్రంతా నిద్ర చెడగొట్టేది ఒకటుంది. వాన నీళ్లు నడిమి తాడు పట్టుకుని పాకుతూ వచ్చి సరిగ్గా మొహం మీద బొట్టుబొట్టుగా రాలతాయి. టార్ప్ అంచుకి బెత్తెడు ఇవతల, తాడు మీద జానెడు నూలు దారం కట్టి కిందికి వదలండి. నీళ్లు ఆ దారం పట్టుకుని నేలకి దిగిపోతాయి.

ఇక తడి ప్రశ్న. అవును, తడుస్తుంది. వాన లేకపోయినా. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి టార్ప్ తన వేడిని పైకి వదిలి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. దాని అడుగుకి మీ ఊపిరి తగిలి నీళ్లవుతుంది. ఒక్క మనిషి రాత్రంతా ఊపిరి ద్వారా, చర్మం ద్వారా వదిలే నీళ్లు పావు లీటరు పైమాటే, మీరిద్దరు. గాలి ఆడితే సగం సమస్య తీరుతుంది, అందుకే అంచులు పైకెత్తమన్నది. రెండు కొసలూ తెరిచే ఉంచండి. చలి అని ఒక కొస మూసేసినవాళ్లే తెల్లారి బ్యాగ్ పిండుకుంటారు. పొగమంచు దట్టంగా పట్టాక మాత్రం బయటి గాలే నీళ్లతో నిండి ఉంటుంది, ఎంత తెరిచినా ఆరదు. అప్పుడు చేయగలిగింది టార్ప్ బ్యాగ్‌కి తగలకుండా చూసుకోవడం. తల దగ్గరా కాళ్ల దగ్గరా కనీసం 30 సెం.మీ. ఎడం. నాలుగింటికి మెలకువ వస్తే తుండుతో లోపలివైపు ఒకసారి తుడిచేయండి. తెల్లవారుజామున గాలి లేచి టార్ప్ కొట్టుకుందంటే ఆ నీళ్లన్నీ మీమీదే జల్లుతుంది.

చోటు ఎంచుకోవడం టార్ప్ కంటే ముఖ్యం. ఫొటో బాగుంటుందని తాజంగి జలాశయం ఒడ్డునే వేస్తారు. చల్లగాలి బరువుగా పల్లంలోకి జారి అక్కడే మడుగు కడుతుంది, నీటి చెమ్మ దానికి తోడు. ఒడ్డుకి ఒక 20, 30 మీటర్లు పైకెక్కి వాలు మీద చదును వెతకండి, తేడా ఒంటికే తెలుస్తుంది. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ నీడ దొరికితే మంచు తక్కువ పడుతుంది, ఆకులు ఆకాశానికి అడ్డు కాబట్టి. కానీ పొగమంచు కదులుతున్న రాత్రి అవే ఆకులు దాన్ని పట్టి టపటపా చుక్కలు రాలుస్తాయి, చిన్న వానలాగే. ఎండు కొమ్మ వేలాడుతున్న చెట్టు కింద మాత్రం ఎప్పుడూ వద్దు. వంజంగిలో లెక్క తిరగబడుతుంది, అక్కడ చలి మడుగు కంటే గాలి బాధ ఎక్కువ. తాడు 90 సెం.మీ. ఎత్తున కట్టండి, ఒక వాలు గాలికి ఎదురుగా ఉండాలి.

ఏజెన్సీదారి:

పైవాళ్లు చెప్పింది చలి గురించి బాగుంది. ఒక్కటి వదిలేశారు. అడుగు లేని టార్ప్ పద్ధతి చల్లటి దేశాల నుంచి వచ్చింది. మన నేల మీద పాకేవి వేరు.

కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలోనే కాటేస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు. డిసెంబరు చలికి పాములు తగ్గే మాట నిజమే, అలాగని లేవని కాదు. తేలు, జెర్రి సంగతి సరేసరి. దోమలు చలికి తగ్గినా ఉంటాయి, అది మలేరియా ఉన్న ప్రాంతం. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న నల్లుల్లాంటి పురుగు పిల్లల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, కాబట్టి గడ్డి మీద నేరుగా నడుం వాల్చకండి. వెచ్చగా ఉంటుందని గడ్డి కోసి పరుచుకోవడం అంతకంటే వద్దు.

కాబట్టి టార్ప్ కింద దోమతెర తప్పనిసరి. ఇద్దరి తెర 300 నుంచి 400 గ్రాములు, నడిమి తాడుకే వేలాడదీసి అంచు మొత్తం మ్యాట్ కిందికి దోపాలి. దోపకుండా వదిలేస్తే దోమకి తప్ప దేనికీ అడ్డు కాదు. అడుగున వేసే షీటు మిరప తోటల్లో పరిచే మల్చింగ్ షీటు కొనండి. 30 మైక్రాన్ల షీటు, 1.2 మీటర్ల వెడల్పుది, 2.2 మీటర్ల ముక్క 75 గ్రాములు లోపే. ఇద్దరికి రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి సగం పైనే ఎక్కించి వేయండి. మూడు నాలుగు రాత్రుళ్లు ఉంటుంది, తర్వాత చిరుగుతుంది, చిరిగింది అక్కడే పారేయకుండా వెనక్కి తెండి. షీటు అంచు టార్ప్ అంచుకి బయటికి రాకూడదు, నాలుగువైపులా జానెడు లోపలికే ఉండాలి. బయటికి వస్తే టార్ప్ మీద పడ్డ నీళ్లన్నీ పళ్లెంలో పోసినట్టు మీ కిందికి చేరతాయి.

అన్నీ కూడితే టార్ప్ 450, తెర 350, షీట్లు 150, తాళ్లు 100, మేకులు 110. మొత్తం 1,160 గ్రాములు. 2.8 కిలోలతో పోలిస్తే కిలోన్నర పైనే మిగిలింది. ఆ మిగిలిన దాంట్లోంచి నెగడు గారు చెప్పిన ఫోమ్ మ్యాట్‌లు వచ్చేస్తాయి. మోసేది మాత్రం బండి దిగాక అర కిలోమీటరే అయితే నేను టెంటే తీసుకెళ్లమంటాను. బరువు తగ్గించుకోవాల్సింది నడిచేవాళ్లు.

బూట్లు బోర్లించి తెర లోపల పెట్టుకోండి. పొద్దున దులిపి తొడుక్కోండి.

తూరుపుగాలి:

చాలా చాలా థాంక్సండీ. ఫోమ్ మ్యాట్‌లు రెండు, దోమతెర రాసుకున్నాం. వంజంగి వైపు దిగి ఎనిమిది కిలోమీటర్లు నడక ఉంది కాబట్టి టార్పే. బ్యాగ్‌లు 2 డిగ్రీల కంఫర్ట్‌వి అద్దెకు చూస్తున్నాం, కాబట్టి లైనర్ ఎటూ కావాలి. ఇంట్లో మెత్తబడిన పాత నూలు చీరలున్నాయి, కుట్టించుకోవచ్చా? కొలతలు ఎలా?

సూదిదారం:

నిక్షేపంగా. నాలుగేళ్లు కట్టి ఉతికిన నూలు చీర కంటే మెత్తటి లైనర్ బజార్లో దొరకదు. గంజి పెట్టే చీర అయితే ముందు రెండుసార్లు ఉత్త నీళ్లలో జాడించండి. జరీ అంచు ఉంటే కత్తిరించెయ్యాలి, మెడ దగ్గర గీసుకుంటుంది.

చీర 5.5 మీటర్లు, పన్నా 115 సెం.మీ. ఉంటుందనుకుందాం. పొడుగులో 4.3 మీటర్లు కొలిచి కత్తిరించండి. దాన్ని అడ్డంగా సగానికి మడవండి, మడత కాళ్ల వైపు రావాలి. ఇప్పుడు 2.15 మీటర్ల పొడుగు. కాళ్ల దగ్గర కుట్టు లేకుండా మడతే ఉండడం ముఖ్యం, నిద్రలో కాళ్లు తన్నేది అక్కడే, కుట్టు ఉంటే ముందు తెగేది అదే. వెడల్పు భుజాల దగ్గర 80 సెం.మీ., కాళ్ల దగ్గర 58 సెం.మీ. వచ్చేలా రెండు పక్కలా ఏటవాలుగా గీత గీసి, గీతకి బయట 2 సెం.మీ. వదిలి కత్తిరించండి. లావుపాటి మనిషికి భుజాల దగ్గర 88 పెట్టండి, లేకపోతే పక్కకి తిరగ్గానే లైనర్ కూడా తిరిగి మెలికలు పడుతుంది. తూకం వేస్తే 200 నుంచి 280 గ్రాముల మధ్య ఉంటుంది, చీర నేతని బట్టి. మిగిలిన 1.2 మీటర్ల ముక్కలో తలగడ జేబు, మూటకట్టే సంచీ వస్తాయి.

కుట్టు ఇంటర్‌లాక్ వద్దని టైలర్‌కి గట్టిగా చెప్పండి. ఆ ముడతల గట్టు రాత్రంతా ఒంటికి ఒరుసుకుంటుంది. గుడ్డ మంచివైపు బయటికి ఉంచి గీతకి బయట 5 మి.మీ. దూరంలో ఒక కుట్టు, కుట్టుకి అవతల 5 మి.మీ. మాత్రం ఉంచి మిగతా అంచు కత్తిరించి, తిరగేసి, మళ్లీ 8 మి.మీ. లోపల ఇంకో కుట్టు. పచ్చి అంచు లోపల దాక్కుంటుంది. మరీ బిగుతు కుట్టు వెయ్యకుండా సెంటీమీటరుకి నాలుగు కుట్లు చాలు.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు: తెరిచే వైపు. బ్యాగ్ జిప్ ఎటువైపు ఉంటే లైనర్ చీలిక అటువైపే ఉండాలి. జిప్ ఎడమవైపు, చీలిక కుడివైపు అయితే అర్ధరాత్రి ఒంటేలుకి లేవాలంటే గోనెసంచిలో పిల్లి పాట్లే. అద్దె బ్యాగ్ జిప్ ఎటుందో తెలియదు కాబట్టి మీరు రెండుపక్కలా భుజం నుంచి 45 సెం.మీ. తెరిచి వదలండి. చీలిక ఆగే చోట అటూ ఇటూ ఐదారుసార్లు తిప్పి గట్టికుట్టు వేయించండి, చిరగడం మొదలయ్యేది అక్కడి నుంచే. చీలిక కొసలో అరచేతంత మూడు మూలల ముక్క అతికిస్తే ఇంకా మంచిది.

తలగడ జేబు 40×35 సెం.మీ., కింది పొరకి తలవైపు. అందులో జాకెట్ మడిచి పెడితే తల జారదు.

మెలిక పడకుండా ఇంకో ఉపాయం. కాళ్ల దగ్గర రెండు మూలలకి 15 సెం.మీ. నాడాలు కుట్టండి. మంచి బ్యాగ్‌ల లోపల అడుగున చిన్న గుడ్డ ఉంగరాలు ఉంటాయి, వాటికి కట్టుకోవచ్చు. ఫ్లీస్ ప్యాంటు వేసుకుని నూలు లైనర్‌లో దూరితే గుడ్డకి గుడ్డ అతుక్కుని మెలిక తప్పదు. లోపల నున్నటి పల్చటి పైజామా వేసుకోండి.

పట్టే కావాలంటే పూజల పట్టుచీర పనికిరాదు, బరువు. 8 మోమ్ (పట్టు బరువు చెప్పే కొలత) పల్చటి పట్టు తాను దొరికితే 35 జీఎస్ఎం చొప్పున ఇదే కొలతకి 110, 120 గ్రాముల్లో అయిపోతుంది. దాన్ని డిటర్జెంట్‌లో వెయ్యకండి. కుంకుడు రసం చల్లటి నీళ్లలో కలిపి ముంచి తీసి, పిండకుండా తుండులో చుట్టి ఒత్తి, నీడన ఆరెయ్యండి.

నెగడు:

చీర లైనర్‌తో ఒక్క జాగ్రత్త. నూలు చెమ్మ పీల్చుకుని అట్టే పెట్టుకుంటుంది. రెండో రాత్రి వంజంగిలో పడుకునేది మొదటి రాత్రి చెమ్మతోనే. అందుకని పొద్దున ఎండ కొండ దాటగానే, టీ కంటే ముందు, బ్యాగ్ లోపలివైపు బయటికి తిప్పి, లైనర్ తీసి వేరుగా, రెండూ తాడు మీద వెయ్యండి. గంట ఎండ దొరికితే చాలు. పొగమంచు పదింటి వరకు వదలకపోతే బ్యాగ్‌ని సంచిలో కుక్కకుండా వదులుగా పైన కట్టుకుని నడవండి, మధ్యాహ్నం ఆగిన చోట ఆరేసుకోవచ్చు. తడి టార్ప్‌ని రెండు కొసలు పట్టుకుని నాలుగుసార్లు గట్టిగా విదిలించి, వేరే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బ్యాగ్‌కి తగలకుండా బయటి జేబులో పెట్టుకోండి.

పడుకునేముందు లీటరు బాటిల్‌లో వేడినీళ్లు పోసి మూత బిగించి, బోర్లించి కారడం లేదని చూసి, మేజోడులో దూర్చి తొడల మధ్య పెట్టుకోండి. కాళ్ల దగ్గర కంటే అక్కడ పెడితే ఒళ్లంతా వెచ్చబడుతుంది, పెద్ద రక్తనాళాలు ఉన్నది అక్కడ కాబట్టి. మెత్తటి పల్చటి వాటర్ బాటిళ్లు వద్దు, వేడికి మెలిక తిరుగుతాయి. స్టీల్‌ది అయితే మేజోళ్లు రెండు.

మొహం బ్యాగ్ లోపల దాచుకుని ఊపిరి వదలకండి. ముక్కు, నోరు బయట, మిగతాదంతా లోపల, తాడు లాగి బిగించాలి. ముక్కు చల్లబడితే చీర మిగులు ముక్క ఉందిగా, మొహం మీద ఒక్క పొర వేసుకోండి.

తూరుపుగాలి:

చీలిక రెండుపక్కలా పెట్టించాం. 4.3 మీటర్లు కత్తిరించాక 1.2 మీటర్లు మిగిలింది, అందులో తలగడ జేబు, మొహం మీద ముక్క రెండూ వచ్చాయి. రెండు చీరలు కుట్టి తూకం వేస్తే 235, 262 గ్రాములు. బోలైన్ ఇంకా సగంసార్లు తప్పుతోంది, కిటికీ ఊచ దగ్గర సాధన సాగుతోంది.

పట్టాతాడు:

బోలైన్ రాకపోతే చెట్టు చుట్టూ తాడు తిప్పి రెండు సగంముడులు వెయ్యండి, ఒక రాత్రికి అదీ ఆగుతుంది. విప్పేటప్పుడు మాత్రం తడితాడుతో గోళ్లు నొప్పిపుడతాయి. అందుకే రెండో సగంముడి పూర్తిగా లాగకుండా బూటు లేసులా ఉచ్చు వదలండి, కొస లాగితే ఊడొస్తుంది.